చిల్లరకొట్టులో ఎమ్మెస్సీ

చిన్న వ్యాపారం ఎలా నడపాలో నేర్చుకుందామని ఇంగ్లాండు వెళ్ళిన కుర్రాడు, ఆ చదువు సాగినంత కాలం చిన్న వ్యాపారం చెయ్యకూడదు. ఇది నా చమత్కారం కాదు, ఆ దేశపు స్టూడెంట్ వీసా షరతు. సొంతంగా గానీ పొత్తులో గానీ వ్యాపారం పెట్టకూడదు. తనకు పది శాతమో ఆపైనో వాటా ఉన్న కంపెనీలో జీతానికి కూడా చేరకూడదు. ఆదివారం పూట హాస్టల్ వంటగదిలో పులిహోర కలిపి, పక్క గదులవాళ్ళకు డబ్బా మూడు పౌండ్లకు అమ్ముకోవడం మొదలుపెడితే చట్టం దృష్టిలో అది స్వయం ఉపాధి. వీసాకే ఎసరు. అదే పులిహోరకు ధర ఎలా కట్టాలి, డబ్బా మీద ఏ బొమ్మ వెయ్యాలి, పక్క గదివాడు రెండోసారి ఎందుకు కొనలేదు అని మూడు వేల పదాల వ్యాసం రాసిస్తే మాత్రం డిస్టింక్షన్.

చట్టాన్ని అనడానికి లేదు. చదువుకోవడానికి వచ్చావు, చదువుకో అంటోంది. షేక్‌స్పియర్‌ను చదివేవాడికీ, భూగర్భశాస్త్రం చదివేవాడికీ ఇదే షరతు. కాకపోతే భూగర్భశాస్త్రం కుర్రాడిని రాళ్ళు ముట్టుకోవద్దని ఎవరూ అనరు.

అసలీ చదువును ఎవరు కోరుకుంటారు? నాకు తెలిసి ఎవరూ కోరుకోరు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కలో, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో మెట్లెక్కి, గాజు తలుపు తోసుకుని, బిగ్‌బెన్ బొమ్మ కింద కూర్చున్నాక అది వచ్చి మీద పడుతుంది. మెకానికల్ ఇంజనీరింగ్‌లో బ్యాక్‌లాగ్‌లు మోసుకొచ్చిన కుర్రాడికి డేటా సైన్స్ ఇవ్వరు. ఫైనాన్స్ అంటే లెక్కలు అడుగుతారు. పేరున్న ఎంబీఏకి ఉద్యోగానుభవం కావాలంటారు. జల్లెడ పట్టగా పట్టగా చివరికి మిగిలేది ఇదే. దానికి పేర్లు మాత్రం బోలెడు: స్మాల్ బిజినెస్ మేనేజ్‌మెంట్, ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్, ఎంటర్‌ప్రైజ్ అండ్ ఇన్నోవేషన్. సీసా మీద చీటీ మారుతుంది, మందు ఒకటే.

అలాంటి గాజు తలుపు వెనక, తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక కిరాణా కొట్టు పెద్దాయనకూ, ఆయన కూతురి వయసున్న కౌన్సెలర్‌కూ మధ్య నడిచే సంభాషణ ఇలా ఉంటుంది.

"అంకుల్, మీరేం చేస్తుంటారు?"

"కొట్టమ్మా. కిరాణా కొట్టు."

"సూపర్ అంకుల్! ఫ్యామిలీ బిజినెస్ బ్యాక్‌గ్రౌండ్. బాబు ప్రొఫైల్ చాలా స్ట్రాంగ్."

"వాడెప్పుడూ కొట్లో కూచోలేదమ్మా. నేనే కూచోనివ్వలేదు."

"ఏం పర్లేదు అంకుల్. అవన్నీ ఎస్ఓపీలో మేం రాసేస్తాం. జనవరి ఇన్‌టేక్‌కి సీట్లు అయిపోతున్నాయి. డిపాజిట్ ఈ వారంలో కట్టేస్తే మంచిది."

ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్టును సూపర్ అన్నవాళ్ళు లేరు. సంబంధాలు చూసేటప్పుడు అనలేదు, బ్యాంకులో అనలేదు, చివరికి కన్నకొడుకు కూడా కాలేజీలో నాన్నగారేం చేస్తారంటే "బిజినెస్" అని నసిగి ఊరుకునేవాడు. ఆ ఒక్క మాటకే పెద్దాయన సగం పడిపోయాడు. మిగతా సగాన్ని "మా సర్వీసు ఫ్రీ అంకుల్" అన్న మాట పడగొట్టింది. నలభై రకాల సరుకుకు టోకు ధర, చిల్లర ధర నోటితో చెప్పగల మనిషి, ఊరికే ఇచ్చేవాడు ఎక్కడ లాగుతాడో తెలిసిన మనిషి, ఇక్కడ మాత్రం ఆ ప్రశ్న వెయ్యలేదు. వేసి ఉంటే, చేరిన ప్రతి విద్యార్థికీ అవతలి విశ్వవిద్యాలయం నుంచి కన్సల్టెన్సీకి కమీషన్ అందుతుందనీ, ఆ కమీషన్ ఆయన కట్టబోయే ఫీజులోదేననీ తేలేది.

ఎస్ఓపీ, అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అనే సాహిత్య ప్రక్రియ గురించి కాస్త చెప్పాలి. నేటి తెలుగు నేల మీద ఏటా ఇన్ని కల్పిత రచనలు వెలువడే ప్రక్రియ మరొకటి లేదని నా అనుమానం. అందులో కొట్టు "కుటుంబ రిటైల్ సంస్థ" అవుతుంది. ఎప్పుడో పరీక్షల సెలవుల్లో ఒక మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్ళినప్పుడు గల్లాపెట్టె దగ్గర కూచోవడం "కార్యకలాపాల పర్యవేక్షణ" అవుతుంది. చివరి పేరాలో కథానాయకుడు చదువు ముగించుకుని స్వదేశం వచ్చి, ఆ సంస్థను ప్రపంచ స్థాయికి తీసుకెళతానని ప్రతిజ్ఞ చేస్తాడు. నిజంగా చదువుకే వెళుతున్నాడా అని తేల్చే క్రెడిబిలిటీ ఇంటర్వ్యూ కోసం అదే ప్రతిజ్ఞను సంధ్యావందనంలా వల్లె వేయిస్తారు. ఇంతా చేసి, తిరిగొచ్చి ఉద్ధరిస్తానన్న ఆ కొట్టు కాగితాలు అప్పటికే తాకట్టులో ఉంటాయి.

తాకట్టు అన్నాను కాబట్టి బ్యాంకులోకి వెళదాం. ఈ పెద్దాయనే రెండేళ్ళ కిందట కొట్టుకు ఒక డీప్ ఫ్రీజరూ, కొత్త ర్యాకులూ కొందామని ముద్ర రుణం కోసం వచ్చాడు. పూచీకత్తు లేకుండా చిన్న వ్యాపారులకు పది లక్షల దాకా అప్పివ్వాలని 2015లో పెట్టిన పథకం అది. మేనేజరు గారు ఆయన్ని జీఎస్టీ రిటర్నులు అడిగారు, కొటేషన్లు అడిగారు, గిరాకీ ఎలా ఉంటుందని అడిగారు, ఎదురుగా సూపర్ మార్కెట్ వస్తే ఏం చేస్తావని అడిగారు. సహేతుకమైన ప్రశ్నలే. ఇప్పుడు అదే మేనేజరు, అదే కుర్చీ. కొడుకు చదువు కోసం ముప్ఫై లక్షలు. ఇల్లూ కొట్టూ కలిపి తాకట్టు పెట్టాక ఒక్క ప్రశ్నా లేదు. ఆ చదువుకు గిరాకీ ఎలా ఉంటుందని గానీ, ఎదురుగా ఇంకో లక్షమంది అదే చదువు చదివొస్తే ఏం చేస్తావని గానీ ఎవరూ అడగలేదు. కొట్టు నడుపుతానంటే పది లక్షలకు అనుమానం. కొట్టు ఎలా నడపాలో చదువుతానంటే ముప్ఫై లక్షలకు షేక్ హ్యాండు. పైగా పాత పన్ను విధానం ఎంచుకుంటే, కట్టే వడ్డీకి పన్ను మినహాయింపు.

ఇక ఖాతాలో డబ్బు చూపించే తంతు. లండన్‌లో చదవాలంటే ఖర్చులకు నెలకు 1,483 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల సొమ్ము, 28 రోజులపాటు ఖాతాలో కదలకుండా ఉండాలని 2025 జనవరిలో లెక్క కట్టారు. ఆ సొమ్ము లేనివాడికి కన్సల్టెన్సీ వెనక గదిలోంచి ఒక ఫైనాన్స్ ఆసామి వస్తాడు. 28 రోజులకు వడ్డీ తీసుకుని డబ్బు వేస్తాడు, 29వ రోజు లాగేసుకుంటాడు. ఈ మొత్తం వ్యవహారంలో చిన్న వ్యాపార నిర్వహణ అంటే ఏమిటో నిజంగా తెలిసిన మనిషి అతనొక్కడే. ఏ పట్టా లేదు.

సరే, కుర్రాడు విమానం ఎక్కాడు. తరగతి గదిలో కూచున్నాడు. వారానికి రెండు రోజులే క్లాసులు. పాఠాలు తక్కువగా ఉండటాన్ని ఈ కోర్సు గొప్ప సుగుణంగా బ్రోచర్‌లో అచ్చువేస్తారు. కిలోకు ఏడు వందల గ్రాములే తూస్తాం రండి అని పిలిచే కొట్టును తెనాలిలో నేనింకా చూడలేదు.

ఏం నేర్పుతారు? అన్యాయంగా మాట్లాడకూడదు, మంచి విషయాలే నేర్పుతారు. పాత సరుకు ముందు అమ్మాలి, కొత్త సరుకు వెనక పెట్టాలి. దీనికి ఒక పేరుంది, ఒక పట్టిక ఉంది, రెండు గంటల లెక్చరుంది. వాళ్ళ నాన్న కొత్త బస్తా దింపించినప్పుడల్లా గుమాస్తాను కేకలేసేది ఇందుకే. ఖాతాదారులు ఏం కొంటున్నారు, ఎప్పుడు కొంటున్నారు, ఎప్పుడు కడుతున్నారు అనే వివరాలు దగ్గర పెట్టుకోవాలి. వాళ్ళ కొట్లో ఆ పుస్తకానికి ఎర్ర అట్ట ఉంటుంది, మేకుకు దారంతో వేలాడుతుంటుంది. లాభం వేరు, చేతిలో ఆడే నగదు వేరు, లాభంలో ఉన్న వ్యాపారం కూడా నగదు ఆడక మూతపడుతుంది. ఈ వాక్యం విన్న రోజు కుర్రాడు ఉలిక్కిపడి ఉండాలి. ప్రతి ఆషాఢంలో ఇంట్లో ఎందుకు గొడవలయ్యేవో పద్దెనిమిది వేల పౌండ్లు కట్టాక తెలిసింది మరి. ఆ తర్వాత బిజినెస్ మోడల్ క్యాన్వాస్ అని తొమ్మిది గడుల కాగితం ఒకటి ఇస్తారు. ఏ వ్యాపారాన్నైనా ఆ తొమ్మిది గడుల్లో ఇమడ్చవచ్చు. కూలిపోయే వ్యాపారం కూడా అంతే చక్కగా ఇముడుతుంది.

ఇంతకీ "చిన్న" అంటే ఎంత? 2025 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ కంపెనీ చట్టం లెక్క ఇదీ: టర్నోవరు కోటిన్నర పౌండ్లు మించకూడదు, ఆస్తుల పట్టీ 75 లక్షల పౌండ్లు మించకూడదు, సిబ్బంది 50 మంది మించకూడదు, ఈ మూడింటిలో రెండు సరిపోతే అది చిన్న కంపెనీ. కోటిన్నర పౌండ్లంటే మన డబ్బులో నూట యాభై కోట్ల పైమాటే. తెనాలిలో అంత వ్యాపారం ఉన్నవాడిని పెద్దమనిషి అంటారు, గుడి కమిటీకి చైర్మన్‌ను చేస్తారు. కుర్రాడు చదివేది ఆ చిన్నతనం గురించి. వాళ్ళ నాన్నది మన ప్రభుత్వం లెక్కలో కూడా "చిన్న" కాదు, సూక్ష్మం. భూతద్దం పెట్టి చూడాల్సిన తరగతి.

ఈలోగా అద్దె వస్తుంది. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకు 12.21 పౌండ్లు చేశారు. ఆ లెక్కన వారానికి 244 పౌండ్లు అన్నమాట, అదీ దొరికితే. వేసవి సెలవుల్లో రాత్రీ పగలూ చేసి సంపాదిస్తాడని కౌన్సెలర్ చెప్పింది. మాస్టర్స్ చేసేవాడికి ఆ వేసవి సాధారణంగా సెలవు కిందకి రాదనీ, డిసర్టేషన్ రాసే కాలం కాబట్టి అప్పుడూ 20 గంటలేననీ చెప్పడం మరిచిపోయింది. ఆమెను అనకండి, ఆమెకూ నెలకింతమందిని పంపాలని టార్గెట్ ఉంటుంది.

గిడ్డంగిలో షిఫ్టు దొరక్కపోతే సైకిలు మీద బిర్యానీ పొట్లాలు చేరవేద్దామనుకుంటాడు. అక్కడుంది అసలు మెలిక. ఆ యాప్‌ల కింద తిరిగే కుర్రాళ్ళు ఉద్యోగులు కారు, ఎవరికి వారే వ్యాపారులు. డెలివరూ అనే యాప్ రైడర్ల కేసులో 2023 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా, తన బదులు ఇంకొకర్ని పంపుకునే వీలున్నవాడికి ఉద్యోగ సంబంధం ఉందనలేమని తేల్చింది. అంటే వానలో తడుస్తూ వెనక సంచీతో తొక్కేవాడు సాక్షాత్తూ చిన్న వ్యాపార యజమాని. కాబట్టి చిన్న వ్యాపార విద్యార్థికి ఆ పని నిషిద్ధం. పట్టా పుచ్చుకుని గ్రాడ్యుయేట్ వీసా సంపాదిస్తే అప్పుడు స్వయం ఉపాధికి అనుమతి వస్తుంది. అప్పుడు దర్జాగా, చట్టబద్ధంగా, ఎమ్మెస్సీ పూర్తి చేసిన యోగ్యతతో పొట్లాలు అందించవచ్చు. కోర్సు నేరుగా వ్యాపారంలోకి దారి తీస్తుందని బ్రోచర్‌లో రాసింది అబద్ధం కాదు.

ఆ గ్రాడ్యుయేట్ వీసా 2021లో మొదలైంది, రెండేళ్ళకు. దాన్నే 18 నెలలకు కత్తిరిస్తామని 2025 మేలో శ్వేతపత్రం వచ్చింది. ఆ తర్వాత ఉండాలంటే జీతమిచ్చి స్పాన్సర్ చేసే యజమాని కావాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతపు హద్దు 2025 జులై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చేరేవాళ్ళకు కొంత తగ్గింపు ఉన్నా, సందు చివర పాలూ రొట్టే అమ్మే దుకాణందారు అంత జీతం ఎవరికిస్తాడు? తనకే రాదు. చిన్న వ్యాపారంలో మాస్టర్స్ చేసినవాడిని పనిలో పెట్టుకునే తాహతు చిన్న వ్యాపారాలకు ఉండదన్నమాట.

ఉద్యోగం కాదు, నేనే కొట్టు పెట్టుకుంటాను అంటే? దానికీ ఒక వీసా ఉంది, ఇన్నోవేటర్ ఫౌండర్. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నీ ఆలోచన కొత్తదై ఉండాలి, బజారులో ఇంకెక్కడా లేనిదై ఉండాలి, పెద్దగా విస్తరించేదై ఉండాలి, అవన్నీ నిజమేనని ఒక ఆమోద సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి. లండన్ ఈస్ట్ హామ్‌లో ఇడ్లీ బండి కొత్తది కాదు. కిరాణా కొట్టు అసలే కాదు. చిన్నగా మొదలై చిన్నగానే నడిచి, నలుగురికి తిండి పెట్టే వ్యాపారానికి ఈ వీసాలో చోటు లేదు. ఏడాది పాటు చిన్న వ్యాపారం దేశానికి వెన్నెముక అని బోర్డు మీద రాసి చూపించారు కదా, ఆ వెన్నెముకను ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర వదిలి వెళ్ళమంటారు.

అసలు ఆ దేశంలో సందు సందునా కొట్లు పెట్టినవాళ్ళెవరు? 1972 ఆగస్టులో ఈదీ అమీన్ ఉగాండాలోని ఆసియా వాళ్ళకు 90 రోజుల గడువిచ్చి వెళ్ళగొడితే, సుమారు 28 వేల మంది బ్రిటన్ చేరారు. గుజరాతీలు ఎక్కువ. ఇక్కడ ఖాళీ లేదు, మా ఊరు రావద్దు అని లెస్టర్ నగర పాలకులు పనిగట్టుకుని ఉగాండా పత్రికలో డబ్బిచ్చి ప్రకటన వేయించారు. అయినా వచ్చారు. చాలామంది మూతపడబోయే కొట్లు తీసుకున్నారు, తెల్లవాడు తలుపు దించే వేళకు వీళ్ళు దీపం వెలిగించారు, మేడ మీద కాపురం, కింద బేరం. వాళ్ళలో ఒక్కడి దగ్గరా స్మాల్ బిజినెస్ పట్టా లేదు. వ్యాపారం వచ్చినవాళ్ళను రావద్దని ప్రకటన వేసిన దేశం, ఇవాళ వ్యాపారం రానివాళ్ళను రండి రండని అమీర్‌పేటలో హోర్డింగులు పెడుతోంది.

ఎందుకు పెట్టదు? ఇంగ్లాండులో స్వదేశీ పిల్లల డిగ్రీ ఫీజుకు 2017 నుంచి 9,250 పౌండ్ల మూత బిగించారు, 2025లో ఎత్తింది 9,535 దాకానే. విదేశీ విద్యార్థి ఫీజుకు మూత లేదు. కాబట్టి ఉత్తరాన ఎక్కడో ఉన్న విశ్వవిద్యాలయాలు లండన్‌లో ఆఫీసు బిల్డింగులు అద్దెకు తీసుకుని క్యాంపస్ అని బోర్డు కట్టాయి. బ్రాంచి తెరవడం మన స్వీటు షాపులవాళ్ళకు తెలిసిన విద్యే. కానీ ఒకే తరహా గిరాకీ మీద ఆధారపడొద్దు అనే పాఠం వాళ్ళ సిలబస్‌లోనే ఉంది. చెప్పినవాళ్ళు వినలేదు. 2023లో నైజీరియా కరెన్సీ నైరా పడిపోయింది. 2024 జనవరి నుంచి మాస్టర్స్ విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకోకూడదన్నారు. గిరాకీ తగ్గింది. 2025-26 నాటికి విద్యాసంస్థల్లో 72 శాతం లోటులో పడొచ్చని ఇంగ్లాండు ఉన్నత విద్యా నియంత్రణ సంస్థే 2024 నవంబరులో హెచ్చరించింది. నష్టాల అంచున నిలబడి లాభాల పాఠం చెబుతున్నారు. ఆ లోటు పూడ్చేది తెనాలి కొట్టు తాకట్టు డబ్బు.

పిల్లల్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. అక్కడికెళ్ళి రాటుదేలి, నిలదొక్కుకున్నవాళ్ళున్నారు. మూడు భాషల్లో అద్దె బేరమాడగలరు, ఏడు వందల పౌండ్లతో నెల గడపగలరు. అది ఏ మాడ్యూల్‌లోనూ లేదు, దానికి మార్కులూ లేవు. తిరిగొచ్చినవాళ్ళలో కొందరు వ్యాపారం కూడా పెట్టారు, గాజు తలుపు, ఏసీ, గోడ మీద బిగ్‌బెన్. "నేనే వెళ్ళొచ్చాను అంకుల్" అన్న ఒక్క మాట పెట్టుబడి.

నిజానికి ఈ రాకపోకలు ఒకప్పుడు ఎదురు దిశలో ఉండేవి. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ బృందం, వ్యాపారంలో పైకి రావాలనే కసి మనిషిలో పెంచవచ్చా అని పరీక్షించడానికి భూమండలం మీద ఎంచుకున్న ఊళ్ళలో ఒకటి మన కాకినాడ. అక్కడి చిన్న వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌లో కూచోబెట్టి శిక్షణ ఇచ్చారు. దాని మీద 1969లో పుస్తకమే వేశారు. సంప్రదాయ నమ్మకాలు వ్యాపార దక్షతకు అడ్డేమీ కాదని అందులో తేల్చారు. ఆ పుస్తకాన్ని ఉటంకించే పాఠాన్ని మన కుర్రాడు విదేశంలో ఫీజు కట్టి వింటాడు. ఆ సియెట్ పేరు మార్చుకుని ఇప్పటికీ యూసుఫ్‌గూడలోనే ఉంది. అమీర్‌పేట కన్సల్టెన్సీ మెట్ల దగ్గర్నుంచి ఆటోలో పది నిమిషాలు.

కాబట్టి నేనొక పథకం వేసుకుని తెనాలి పెద్దాయన కొట్టుకే వెళ్ళాను. ఇక్కడే ఒక కోర్సు పెడదామండీ, లీడ్స్ నుంచీ లూటన్ నుంచీ పిల్లలు వస్తారు అన్నాను. మొదటి సెమిస్టరులో, అరువు అడిగేవాడి మొహం చూసి లోపలి ఎర్ర పుస్తకం తియ్యాలా వద్దా తేల్చడం. రెండో సెమిస్టరులో, బాకీవాడిని నొప్పించకుండా వసూలు చెయ్యడం, వాళ్ళింట్లో పెళ్ళికి సరుకు మళ్ళీ మన దగ్గరే కొనేలా. ప్రాక్టికల్స్‌కు శ్రావణమాసం. బ్యాక్‌లాగ్‌లు ఎన్నున్నా చేర్చుకుందాం. ఫీజు పద్దెనిమిది వేల పౌండ్లు, సగం సీటు ఖాయం చేసినప్పుడు, మిగతాది విమానం దిగగానే. వారానికి రెండు రోజులు చెబితే చాలు. ఒకవేళ వాళ్ళకేమీ రాకపోయినా డబ్బు వాపసు ఇవ్వక్కర్లేదు.

పెద్దాయన పప్పు పొట్లానికి పురికొస చుడుతూ అంతా విన్నాడు. విని, నా తెలివితేటల మీద జాలిపడినట్టు చూసి అడిగాడు.

"డబ్బంతా ముందే తీసేసుకుని, సరుకు కొంచెం కొంచెంగా ఏడాదంతా ఇస్తాం, బాగోకపోయినా వెనక్కి తీసుకోం అంటే, బుద్ధున్నవాడెవడైనా కొంటాడటండీ?"